కొత్త వెబ్ డిజైన్ పోకడలు తెలుగు అక్షరాల మీద: ఏది తీసుకోవాలి, ఎలా అమర్చాలి

ఏటా డిసెంబరు వచ్చేసరికి వచ్చే ఏడాది వెబ్ డిజైన్ పోకడలంటూ జాబితాలు పుట్టుకొస్తాయి. వాటిలో చాలావరకు రంగుల ముచ్చటే, ఆరు నెలల్లో పాతబడుతుంది. పట్టించుకోవలసినవి బ్రౌజర్‌లోకే వచ్చి చేరిన సదుపాయాలు: వేరియబుల్ ఫాంట్లు, కంటెయినర్ క్వెరీలు, వ్యూ ట్రాన్సిషన్లు, చీకటి థీముకు నేరుగా దొరికే మద్దతు. ఇవి ఎక్కడికీ పోవు. తెలుగు సైటు నడిపేవాళ్లకు చిక్కల్లా ఒక్కటే. వీటి నమూనాలన్నీ ఇంగ్లిష్ అక్షరాల మీద చేసి చూపించినవి. మన లిపిలో ఒత్తు కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది, కొమ్ము పక్కకు పోతుంది. అక్కడ అందంగా కనబడిన హెడ్డింగు ఇక్కడికొచ్చేసరికి ఒత్తులు తెగి నిలబడుతుంది.

మంగళగిరి, వెంకటగిరి చీరలు అమ్మే చిన్న దుకాణం సైటును ఉదాహరణగా పెట్టుకుందాం. ముందు పేజీ, చీరల జాబితా, ఒక్కో చీరకు ఒక పేజీ, వెతికే పెట్టె, అంతే. ఇక్కడ సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే కోడ్) ప్రాపర్టీల పేర్లు తెలుగులో రాశాం. కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

డిజైన్ ముట్టుకోకముందే: పరీక్ష పదాలు

టెంప్లేటులో నింపడానికి లోరెమ్ ఇప్సమ్ (ఖాళీ నింపే లాటిన్ మాటలు) వాడొద్దు. "అమ్మ, ఇల్లు" లాంటి తేలిక మాటలూ వద్దు. కష్టమైన పదాలు ఒక పది రాసి పెట్టుకుని ప్రతి హెడ్డింగులో, బటన్‌లో, కార్డులో అవే పోయండి: స్వాతంత్ర్యోద్యమం, వైశిష్ట్యం, లక్ష్మి, కృష్ణా, రాష్ట్రీయ, జ్ఞాపకం, క్షీరారామం, వస్త్రాలయం, సాఫ్ట్‌వేర్, నమోదుచేసుకోవాలనుకుంటున్నారా. మొదటి తొమ్మిదీ ఒత్తులకు, చివరిది పొడవుకు. విభక్తులూ క్రియలూ అతుక్కుని తెలుగు మాట పెరిగిపోతుంది కాబట్టి, ఇంగ్లిష్‌లో రెండు చిన్న మాటలు పట్టిన బటన్‌లో మన మాట ఒక్కటి కూడా పట్టకపోవచ్చు. ఏఐ పరికరం గీసిచ్చిన లేఅవుట్ అయితే ఈ పరీక్ష మరీ ముఖ్యం. ఆ పరికరాలకు మీరేమీ చెప్పకపోతే ఇంగ్లిష్ పొడవులు ఊహించుకునే కొలతలు వేస్తాయి.

పేజీ మొదట్లో హెచ్‌టీఎంఎల్ ట్యాగుకు ల్యాంగ్ విలువ "టీఈ" అని ఉందో లేదో చూడండి. టెంప్లేటు నుంచి వచ్చిన "ఈఎన్" అలాగే ఉండిపోతే, తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తడబడుతుంది.

వేరియబుల్ ఫాంటు: ఒక్క ఫైలు, అన్ని మందాలు

మామూలు, కొంచెం మందం, బాగా మందం అని మూడు ఫాంటు ఫైళ్లు దింపే రోజులు పోతున్నాయి. 2016 సెప్టెంబరులో వచ్చిన ఓపెన్‌టైప్ 1.8 తో ఒకే ఫైలులో మందం, వెడల్పు అక్షాలుగా (కావలసినంత జరుపుకునే కొలతలుగా) ఉండే వీలు వచ్చింది. తెలుగుకు ఇందులో బాగా పనికొచ్చేది అనేక్ తెలుగు. ఎక్ టైప్ వాళ్లు చేసింది, ఉచితం. మందం 100 నుంచి 800 వరకు, వెడల్పు 75 నుంచి 125 వరకు కదులుతుంది. నోటో సాన్స్ తెలుగు కూడా పనికొస్తుంది.

వెడల్పు అక్షం తెలుగుకు వరం లాంటిది. ఇరుకు కార్డులో పొడుగు మాట పట్టనప్పుడు ఫాంటు సైజు తగ్గించడం అందరూ చేసే పని. దాంతో ఒత్తులు చదవలేనంత చిన్నవైపోతాయి. దానికి బదులు సైజు అలాగే ఉంచి ఫాంట్-స్ట్రెచ్ 85 శాతం పెట్టండి. మాట సన్నబడుతుంది, ఒత్తు ఎత్తు మారదు. 80 కంటే కిందికి దించితే ఘ, ఝ లాంటి వెడల్పాటి అక్షరాలు ఇరుక్కున్నట్టు కనిపిస్తాయి కాబట్టి అక్కడితో ఆగండి.

తెలుగు ఫాంటు ఫైలు బరువుగా ఉండటం సహజం. యూనికోడ్‌లో తెలుగుకు ఉన్నది 128 స్థానాలే అయినా, ఒత్తులకూ గుణింతాలకూ ఫాంటు లోపల విడిగా గీసిన రూపాలు చాలా ఉంటాయి. బరువు తగ్గించే పని రెండు అడుగుల్లో చేయండి. రెండింటికీ పైథాన్‌లో దొరికే ఫాంట్‌టూల్స్, దానికి తోడు వాఫ్2 (కుదించిన వెబ్ ఫాంటు ఫైలు) కోసం బ్రాట్లీ ఉంటే చాలు.

మొదట అక్షాలను కుదించండి. వార్‌లిబ్ ఇన్‌స్టాన్సర్‌కు మందం 300:700, వెడల్పు 75:100 అని ఇస్తే మిగతాది తీసేస్తుంది. 300 ఎందుకంటే, చీకటి థీములో పని పడుతుంది.

తర్వాత అక్కర్లేని అక్షరాలు తీసేయండి. పైఎఫ్‌టీసబ్‌సెట్‌కు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు తెలుగు, 0020 నుంచి 007ఈ వరకు ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ, అక్షరాలు కలవకుండా ఆపే కనబడని గుర్తు 200సీ, కలిపే గుర్తు 200డీ, రూపాయి గుర్తు 20బీ9 ఇవ్వండి. లేఅవుట్ ఫీచర్స్ దగ్గర నక్షత్రం గుర్తు పెట్టండి, అంటే అన్నీ ఉంచమని. ఫ్లేవర్ వాఫ్2.

తప్పు జరిగేది ఎక్కువగా ఈ రెండో అడుగులోనే. కొన్ని ఆన్‌లైన్ పరికరాలు సైజు తగ్గించే హడావిడిలో జీఎస్‌యూబీ పట్టికను తీసి పారేస్తాయి. అక్షరాలన్నీ ఉంటాయి, కలిసే నియమాలు మాత్రం ఉండవు. "లక్ష్మి" అన్నది ల, క పొల్లు, ష పొల్లు, మి అని విడివిడిగా వరస కడుతుంది. 200సీ మరిచిపోతే "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట్ దగ్గర వేరే ఫాంటు దూరడమో, చిన్న డబ్బా కనబడటమో జరగొచ్చు.

ఫాంట్-ఫేస్ నియమంలో మందం విలువను "300 700" అని, స్ట్రెచ్‌ను "75% 100%" అని పరిధిగా రాయాలి. పరిధి రాయకపోతే ఉన్నది మామూలు మందమొక్కటే అనుకుని బ్రౌజర్ దొంగ బోల్డ్ చేస్తుంది: అక్షరం అంచులకు మసి పూసినట్టు మందమవుతుంది, సున్నాల్లోని ఖాళీ పూడుకుపోతుంది. గూగుల్ ఫాంట్స్ నుంచి నేరుగా తెచ్చుకునేవాళ్లు లింకులోనే అక్షాల పరిధి అడగాలి, లేకపోతే ఇచ్చేది 400 మాత్రమే. ఫాంట్-డిస్‌ప్లేకు స్వాప్ పెట్టండి. ఫాంటును ప్రీలోడ్ చేస్తే (ముందే తెప్పిస్తే) క్రాస్‌ఆరిజిన్ గుణం తప్పనిసరి. అది లేకపోతే అదే ఫైలు రెండుసార్లు దిగుతుంది.

ఇటాలిక్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ రూపం దాదాపుగా ఉండదు. బ్రౌజర్ నిలువు అక్షరాన్నే పక్కకు వంచి పెడుతుంది, తాగి నడుస్తున్నట్టుంటుంది. ఫాంట్-సింథసిస్-స్టైల్: నన్ పెట్టి, నొక్కి చెప్పాల్సిన చోట మందం 600 వాడండి.

లైన్ల ఎడం, తెగే ఒత్తులు

ఇప్పుడు అందరూ వాడుతున్న పెద్ద హెడ్డింగుల శైలిలో లైన్-హైట్ 1.1 దగ్గర ఉంటుంది. "రాష్ట్రీయ" అన్న మాట అందులో పెడితే ట ఒత్తు, ర ఒత్తు కింది లైను గుడుల మీద వాలతాయి. తెలుగు హెడ్డింగుకు 1.4 నుంచి 1.5, చదివే వచనానికి 1.7 నుంచి 1.8 పెట్టండి. లెటర్-స్పేసింగ్ సున్నా. ఇంగ్లిష్ హెడ్డింగుల్లో అక్షరాలను దగ్గరకు లాగే రుణ విలువ టెంప్లేటులో ఉంటే, ఎక్కడుందో వెతికి మరీ తీసేయండి.

కార్డులో చీర పేరును రెండు లైన్లకు కత్తిరించే లైన్-క్లాంప్ దగ్గర రెండో లైను ఒత్తులు సగానికి తెగుతాయి. చాలామంది కింద పాడింగ్ (పెట్టె లోపలి ఖాళీ) పెట్టి సరిచేయాలని చూస్తారు. అప్పుడు దాగి ఉండాల్సిన మూడో లైను తలకట్లు ఆ పాడింగ్‌లోంచి తొంగిచూస్తాయి. అక్కడ లైన్-హైట్ పెంచడం తప్ప వేరే దారి లేదు.

రంగులు కలిసిపోయే గ్రేడియంట్ హెడ్డింగులది ఇంకో రకం తంటా. అక్షరాన్ని పారదర్శకం చేసి వెనక రంగును దాని ఆకారంలో చూపించడం ఈ కిటుకు. వెనక రంగు ఉండేది పెట్టె మేరకే. ఒత్తు పెట్టె దాటి దిగిందంటే దానికి రంగే ఉండదు, మాయమవుతుంది. "వైశిష్ట్యం" కాస్తా "వైశిషం"లా కనబడవచ్చు. ఇక్కడైతే కింద 0.2 ఈఎమ్ (అక్షరం సైజులో ఐదో వంతు) పాడింగ్ పెడితే సరిపోతుంది, ఎందుకంటే దాచాల్సిన లైనేమీ లేదు.

బటన్లకు హైట్ అని కొలత బిగించకండి. మిన్-హైట్ 2.75 రెమ్ (సాధారణంగా 44 పిక్సెళ్లు) పెట్టి పైనా కిందా పాడింగ్ ఇవ్వండి. 2023 అక్టోబరు 5న వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (సైటు అందరికీ అందేలా చూసే ప్రమాణం) అడిగేది కనీసం 24 పిక్సెళ్లు. బొటనవేలితో నొక్కే ఫోనులో మాత్రం 44 ఉంటేనే సుఖం.

హెడ్డింగుల్లో టెక్స్ట్-ర్యాప్: బ్యాలెన్స్ తప్పక వాడండి. మొదటి లైనులో నాలుగు మాటలు, రెండోదాంట్లో ఒంటరిగా ఒక మాట మిగిలే వికారం పోతుంది. పెద్ద పేరాలకు ఇది పనిచేయదు, క్రోమ్‌లో ఆరు లైన్ల లోపే. పొడుగు మాట పెట్టె దాటి పోకుండా ఓవర్‌ఫ్లో-ర్యాప్: ఎనీవేర్ పెట్టుకోండి.

అక్షరం అక్షరంగా ఎగిరే హెడ్డింగు

ఒక్కో అక్షరం కింది నుంచి లేచి కూర్చునే యానిమేషన్ ఇప్పుడు ఏ ఏజెన్సీ సైటు చూసినా ఉంది. అది చేసే స్క్రిప్టు మాటను ముక్కలు చేసి ఒక్కో ముక్కను వేరే స్పాన్‌లో పెడుతుంది. మనకు "స్త్రీ" ఒక్క అక్షరం. కంప్యూటరుకు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. ఆరు ముక్కలూ విడివిడిగా ఎగిరితే పొల్లు కింద చుక్కల సున్నా వస్తుంది, చూసినవాళ్లు సైటు చెడిపోయిందనుకుంటారు.

మాటను అక్షరాలుగా విడగొట్టే బ్రౌజర్ సదుపాయం ఇంటల్ సెగ్మెంటర్ వాడితే కొంత నయం. కానీ ఒత్తక్షరం మొత్తాన్ని ఒకే ముక్కగా లెక్కించే నియమం యూనికోడ్‌లో చేరింది 2023లో, 15.1 తో. పాత బ్రౌజర్ ఉన్న ఫోన్లలో "స్త్రీ" ఇంకా స్, త్, రీ అని మూడవుతుంది. అందుకే తెలుగులో అక్షరాల వారీ కదలికలు మానేసి మాటల వారీ చేయండి. ఖాళీల దగ్గర విడగొట్టడం ఎప్పుడూ క్షేమం. చూపుకు కూడా అదే హుందాగా ఉంటుంది. పేరా మొదట్లో పెద్దక్షరం పెట్టే ఫస్ట్-లెటర్‌కూ ఇదే సూత్రం: మొదటి మాట ఒత్తుతో మొదలయ్యే అవకాశం ఉంటే ఆ అలంకారం వద్దు.

కంటెయినర్ క్వెరీలు: కార్డు తన చోటు తానే చూసుకోవడం

2010లో ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ డిజైన్ అన్న పేరు పెట్టినప్పటి నుంచి లేఅవుట్ తెర వెడల్పును బట్టి మారుతూ వచ్చింది. ఇప్పుడు కార్డు తాను కూర్చున్న చోటి వెడల్పును బట్టి మారగలదు. 2023 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ 110 కూడా చేరడంతో పెద్ద బ్రౌజర్లన్నిటిలో ఇది ఉంది. నిశ్చింతగా వాడొచ్చు.

చీరల జాబితాకు ఇలా చేయండి. గ్రిడ్ వరసలకు ఆటో-ఫిల్, ఒక్కో గడి కనీసం 10 రెమ్, మిగిలింది సమానంగా పంచుకునేలా. 360 పిక్సెళ్ల ఫోనులో, అంచులూ మధ్య ఎడమూ కలిపి 2 రెమ్ దాటకపోతే, రెండు కార్డులు పక్కపక్కన పడతాయి. ఒక్కో గడికి కంటెయినర్-టైప్: ఇన్‌లైన్-సైజ్. గడి లోపల అసలు కార్డు. ఇక నియమాలు: గడి 14 రెమ్ లోపుంటే పేరుకు ఫాంట్-స్ట్రెచ్ 85 శాతం, ధర కింది లైనులో, 24 రెమ్ దాటితే బొమ్మ ఎడమన, వివరాలు కుడిన. ఇదే కార్డును ముందు పేజీలో "కొత్తగా వచ్చినవి" దగ్గర పెట్టినా, చీర పేజీ పక్క పట్టీలో పెట్టినా వేరే కోడ్ రాయక్కర్లేదు.

పొరపాట్లు మూడు రకాలు. కంటెయినర్ తన వెడల్పును తననే అడగలేదు. నియమం లోపలి మూలకానికి రాయాలి, అందుకే గడి వేరు, కార్డు వేరు. ఇన్‌లైన్-సైజ్ బదులు ఉత్త సైజ్ అని రాస్తే ఎత్తు సున్నా అయి కార్డులు ఒకదాని మీద ఒకటి పడతాయి. లోపలి వస్తువును బట్టి వెడల్పు తేల్చుకునే ఫ్లెక్స్ పెట్టెకు కంటెయినర్-టైప్ ఇస్తే వెడల్పు సున్నాకు పడిపోతుంది. దానికి ఫ్లెక్స్ 1 గానీ, వెడల్పు 100 శాతం గానీ ఇవ్వాలి.

ఫాంటు సైజును కంటెయినర్ వెడల్పుతో ముడిపెట్టేటప్పుడు ఉత్త సీక్యూఐ (కంటెయినర్ వెడల్పులో ఒక శాతం) వాడొద్దు. అక్షరాలు పెద్దవి చేసుకుందామని జూమ్ చేసినా, ఫోను సెట్టింగులో పెంచినా అది సరిగా పెరగదు. క్లాంప్‌లో కనీసం 1.05 రెమ్, "0.8 రెమ్ + 2 సీక్యూఐ", గరిష్ఠం 1.5 రెమ్ అని మధ్యలో కూడా రెమ్ కలపండి.

పేజీ నుంచి పేజీకి జారే కదలిక

జాబితాలో చీర బొమ్మ నొక్కితే అదే బొమ్మ పెద్దదై తర్వాతి పేజీలో నిలబడటం ఇన్నాళ్లూ యాప్‌ల సొత్తు. క్రోమ్ 126, సఫారీ 18.2 నుంచి మామూలు పేజీల మధ్య కూడా ఇది రెండు నియమాల పని. రెండు పేజీల్లోనూ వ్యూ-ట్రాన్సిషన్ నియమంలో నావిగేషన్: ఆటో రాయండి. జాబితాలోని బొమ్మకూ, చీర పేజీలోని బొమ్మకూ ఒకే వ్యూ-ట్రాన్సిషన్-నేమ్ ఇవ్వండి, "చీర-17" అన్నట్టు. మద్దతు లేని బ్రౌజర్‌లో పేజీ మామూలుగా మారుతుంది, పాడయ్యేదేమీ లేదు.

ఒకే పేజీలో ఒకే పేరు రెండు చోట్ల ఉంటే కదలిక మొత్తం రద్దవుతుంది. అదే చీర "కొత్తగా వచ్చినవి"లోనూ, కింద జాబితాలోనూ ఉన్నప్పుడు జరిగేది ఇదే. కొత్త పేజీ రావడానికి నాలుగు సెకన్లు దాటినా క్రోమ్ కదలికను వదిలేస్తుంది. పేరును బొమ్మకే ఇవ్వండి, హెడ్డింగుకు వద్దు: చిన్న అక్షరాల చిత్రాన్ని సాగదీసి పెద్ద అక్షరాల్లో కలిపేసరికి మధ్యలో ఒత్తులు రెండేసి కనిపిస్తాయి. వ్యవధి 250 మిల్లీసెకన్లు చాలు. మొత్తం నియమాన్ని ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ (కదలికలు తగ్గించమన్న సెట్టింగు) లేనప్పుడే పనిచేసేలా చుట్టండి. కదలికలతో తల తిరిగే మనుషులున్నారు.

చీకటి థీము, గాజు తెరలు

రూట్‌లో కలర్-స్కీమ్: లైట్ డార్క్ రాసి, రంగులను లైట్-డార్క్ ఫంక్షన్‌తో జతలుగా ఇవ్వండి. 2024 మే నుంచి పెద్ద బ్రౌజర్లన్నిటిలో పనిచేస్తోంది. నేపథ్యానికి కటిక నలుపు కాకుండా ఆర్‌జీబీ 18, 18, 18. అక్షరాలకు 230, 230, 230. కాంట్రాస్ట్ 15:1 దగ్గర ఉంటుంది, కళ్లకు మెరుపు కొట్టదు. నలుపు మీద తెల్లక్షరం ఉన్నదానికంటే లావుగా కనబడుతుంది కాబట్టి వచనం మందాన్ని 400 నుంచి 360కి దించండి. ఇందాక 300 వరకు అక్షం ఉంచుకున్నది ఇందుకే.

బ్రాండు రంగును మాత్రం మళ్లీ ఎంచుకోవాలి. చీరల దుకాణాలకు ఇష్టమైన ముదురు కుంకుమ రంగు (139, 0, 0) ఈ నలుపు మీద 2:1 కూడా రాదు. కావలసింది 4.5:1. దాన్నే తేలిక చేసి 255, 138, 128 దగ్గరకు తెస్తే 8:1 వస్తుంది. థీమును జావాస్క్రిప్టు ఆలస్యంగా మారిస్తే పేజీ తెరిచిన ప్రతిసారీ ఒక్క తెల్లటి మెరుపు మెరుస్తుంది. ఎంపికను చదివే చిన్న స్క్రిప్టును హెడ్‌లోనే, స్టైల్ ఫైలు కంటే ముందు పెట్టండి.

2025 జూన్‌లో యాపిల్ లిక్విడ్ గ్లాస్ అనే గాజులాంటి రూపం చూపించాక గాజు తెరలు మళ్లీ అన్ని సైట్లలోకీ వచ్చాయి. మా మాట అడిగితే, తెలుగు వచనం కింద గాజు వద్దు. వెనక చీర అంచు రంగులు కదులుతుంటే ముందున్న ఒత్తులు తెలియవు. పై పట్టీకి పెట్టి తీరాలనుకుంటే బ్లర్ 12 పిక్సెళ్లు, పట్టీ రంగు కనీసం 85 శాతం నిండుగా. స్క్రోల్ చేసేటప్పుడు తక్కువ ధర ఫోనులో తడబడితే వెంటనే తీసేయండి.

నొక్కిన వెంటనే స్పందన

2024 మార్చి 12 నుంచి పేజీ అనుభవాన్ని కొలిచే గూగుల్ కోర్ వెబ్ వైటల్స్‌లో ఐఎన్‌పీ చేరింది. నొక్కినప్పటి నుంచి తెర మారేవరకు పట్టే సమయం అది. 200 మిల్లీసెకన్లలోపు మంచిది, 500 దాటితే చెడ్డది. ముఖ్యమైన బొమ్మ 2.5 సెకన్లలో రావాలి. పైన కనబడే ఆ మొదటి బొమ్మకు లేజీ లోడింగ్ (ఆలస్యంగా తెచ్చే పద్ధతి) పెట్టకుండా ఫెచ్‌ప్రయారిటీ: హై ఇవ్వండి. మెనూలకూ చిన్న పెట్టెలకూ లైబ్రరీలు తీసేసి బ్రౌజర్‌లోనే ఉన్న డయలాగ్, పాపోవర్ వాడితేనే చాలా జావాస్క్రిప్టు తగ్గుతుంది.

తెలుగు సైట్లలో ఐఎన్‌పీని పాడుచేసే చోటు వెతికే పెట్టె. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెచ్చుకునే కీబోర్డులో "చీర" పూర్తయ్యేలోపు పెట్టె నాలుగైదుసార్లు మారుతుంది. మారినప్పుడల్లా జాబితా మొత్తం వడపోస్తే ఫోను బిగుసుకుంటుంది. చివరి మార్పు తర్వాత 250 మిల్లీసెకన్లు ఆగి వెతకండి. పోల్చే ముందు రెండు వైపులా 200సీ అక్షరాన్ని తీసేయండి, లేకపోతే ఒకరు రాసిన "సాఫ్ట్‌సిల్క్" ఇంకొకరికి దొరకదు; అది ఉన్న మాటా లేని మాటా చదవడానికి ఒకటే, లోపల వేరు. ఇంగ్లిష్ అక్షరాల్లో చీర పేరు కొట్టేవాళ్లు ఎక్కువ కాబట్టి ప్రతి చీరకూ ఆ రూపాన్ని కూడా దాచి పెట్టుకోండి.

విడుదలకు ముందు

క్రోమ్ డెవ్‌టూల్స్‌లో వెడల్పు 360, సీపీయూ 4 రెట్లు నెమ్మది పెట్టి పరీక్ష పదాలతో ప్రతి పేజీ చూడండి. ఆ తర్వాత జూమ్ 200 శాతం, ఫోను సెట్టింగులో అక్షరాల సైజు పెద్దది. చీకటి థీములో మళ్లీ ఒకసారి. ఫాంటు ఫైలును నెట్‌వర్క్ ట్యాబులో బ్లాక్ చేసి చూడటం మరిచిపోవద్దు: ఫోనులో ఉన్న తెలుగు ఫాంటు ఆ చోట్లో పట్టాలి, బటన్లు పగలకూడదు. ఫాంటు దిగినప్పుడు పేజీ కిందికి గెంతుతుంటే, బదులు ఫాంటుకు సైజ్-అడ్జస్ట్ 95 శాతంతో మొదలుపెట్టి, రెండూ ఒకే ఎత్తుకు వచ్చేదాకా ఒక్కో శాతం జరుపుతూ పోండి. చివరికి ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెర చూడకుండా ఒక చీర ఎంచుకుని బుట్టలో వేయగలుగుతున్నారో లేదో చూడండి. "బటన్, పేరు లేదు" అని ఎక్కడ వినిపిస్తే అక్కడ లేబుల్ రాయండి.